నాలుగో లైను

బ్రాడీపేటలో వీధులుండవు.
లైన్లుంటాయి, వాటిని కోసుకుంటూ అడ్డరోడ్లుంటాయి.
అడ్రసు అడిగితే మావాళ్ళు భిన్నం చెబుతారు:
నాలుగు బై పద్నాలుగు.

ఆ భిన్నంలో, మేడమెట్ల కింద నా ట్యూషను.
రెండు చాపలు, ఓ మూల విరిగిన బోర్డు,
పదకొండుమంది పిల్లలు.

మెహర్ హోంవర్కు తెచ్చింది.
'లైన్' అనే మాటతో పది వాక్యాలు రాయాలట.
ఆరు రాసింది, పెన్సిలు నములుతోంది.
అమ్మ రేషను కొట్టు దగ్గర లైన్లో నిలబడింది.
బాబాయి ఫోను లైను కలవలేదు.
మామూ మిర్చి యాపారం లైన్లో దిగి బాగుపడ్డాడు.
"మిస్, మా అక్కకి ఒకడు లైనేస్తున్నాడు,
అది రాయొచ్చా?"
వెనక వరస గొల్లుమంది.
వద్దు, అన్నాను. నిజమే అయినా రాయకు.

డిక్షనరీ తెరిచి చూపించాను.
ఆ ఒక్క మాటకే రెండు పేజీలు.
ఇన్నిళ్ళలో పనిచేసే మాట
ఏదో ఒక ఇంట్లో ఏదో ఒకటి పగలగొట్టకుండా ఉంటుందా?

మా నాన్న యోహాను లైన్‌మ్యాన్.
స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషనుకి ఫోన్ చేసి
లైన్ క్లియర్ తీసుకోవాలి.
తీగలో ప్రాణం తీసేశాం,
ఇక నీ ప్రాణం నీదే అని
అవతలివాడిచ్చే మాట అది.

ఆ వేళ గాలివాన. తీగ మీద వేపకొమ్మ.
కిళ్ళీకొట్టు ఫోన్లోంచి నాన్న అరిచాడు:
నాలుగో లైను ఆపండి!
అక్కడ అప్పయ్య నాలుగో లైను ఆపాడు.
ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు.
నాన్నది తను నిలబడ్డ వీధి,
మోకాలిలోతు నీళ్ళు, ఇస్త్రీబండి, అటు ఆయుర్వేదం షాపు.
అప్పయ్యది గోడ మీద నాలుగో స్విచ్చి,
రైలుగేటు దాటి ఎటో పోయే తీగ.
అటు ఎవరింట్లోనో తిరిగే ఫ్యాను ఆగింది.
ఇటు నాన్న కుడిచెయ్యి చాపాడు.

తెలుగులో అని ఉంటే దక్కేదేమో ఆ చెయ్యి.
వీధి అంటే వీధి, తీగ అంటే తీగ.
ఒకదాంట్లో నడుస్తాం, రెండోదాన్ని ముట్టం.
కానీ సబ్‌స్టేషనుకి ఫోన్ చేసి
"అయ్యా, ఈ వీధి తీగెను శాంతింపజేయండి" అనే మనిషి
గుంటూర్లో ఇంకా పుట్టలేదు.

నాకప్పుడు ఏడేళ్ళు.
పెద్దాసుపత్రిలో నర్సు 'సెలైన్' అంటే
అదీ ఒక లైనే అనుకున్నాను.
దాన్నెవరు ఆపేస్తారో అని
తెల్లారేదాకా ఆ గొట్టం పట్టుకుని కూచున్నాను.

ఏటా తొలకరికి అప్పయ్య వస్తాడు
సంచినిండా సపోటాలతో.
వసారాలో చెప్పులిప్పి, వాటివైపే చూస్తూ కూచుంటాడు.
"ఏరా, ఏ లైన్లోంచి వచ్చావ్?" అంటాడు నాన్న.
నవ్వేది నాన్నొక్కడే.
లోపల అమ్మ గిన్నెను
కావలసిన దానికన్నా గట్టిగా దించుతుంది.

ఆ తర్వాత డిపార్టుమెంటు కుర్చీ ఒకటిచ్చింది.
కుర్చీకి రిజిస్టరు, రిజిస్టరుకి సంతకం, అదీ ఇంగ్లీషులో.
శంకర్‌విలాస్ సెంటర్లో నాన్న
నాలుగు గీతల కాపీపుస్తకం కొనుక్కొచ్చాడు,
నాది ఒకటి, తనది ఒకటి.
ఒకే లాంతరు కింద ఇద్దరం దిద్దాం,
నేను కుడిచేత్తో, ఆయన ఎడమచేత్తో.
చిన్న 'వై' తోకను నాలుగో గీతదాకా దించాలి.
నాన్న మూడోదాని దగ్గరే ఎత్తేసేవాడు.
ఇంకా కిందికి నాన్నా, అంటే
చాల్లేమ్మా, చెయ్యి లాగుతోంది, అనేవాడు.
ఏ చెయ్యో నేనడగలేదు.

మెహర్ ఏడో వాక్యం రాసి తెచ్చింది.
మా మిస్ ఇల్లు నాలుగో లైన్లో ఉంది.
తప్పేం లేదు. టిక్కు పెట్టాను.
మిగతా మూడూ రేపు, అన్నాను.